చిన్నీకి, ఫారాలు నింపే ముందు

చిన్నీ,

మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. అరగంట సేపు మోకాలి నొప్పి గురించి, కొత్త కళ్లజోడు గురించి మాట్లాడి, పెట్టేసే ముందు ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు "అన్నట్టు, చిన్ని పైలట్ ట్రైనింగ్‌కి స్కాలర్‌షిప్‌లు వెతుకుతోంది" అన్నాడు. అన్నయ్య సంగతి నాకు తెలుసు. అసలు విషయం ఎప్పుడూ చివర్లోనే చెప్తాడు.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. సంతోషమా అంటే సంతోషమే. కానీ దానికంటే ముందు కోపం వచ్చింది, నీ మీద. ఏళ్ల తరబడి విమానం నడపడం నేర్పి, ఆ తర్వాత 11 ఏళ్లు ఇలాంటి స్కాలర్‌షిప్ కమిటీలో కూర్చుని దరఖాస్తులు చదివిన అత్తని ఇంట్లో పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్లని అడుగుతున్నావా? సెలెక్ట్ అయ్యాక నాకు చెప్దామనుకున్నావట. ఆ "అయ్యాక చెప్దాం" అన్న మాట వినగానే నా గుండె గుభేలుమంది. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు పని సంగతులు.

సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఒక చోట పెట్టుకో. గడువుకి వారం ముందే దరఖాస్తు పంపెయ్. సిఫార్సు లేఖ రాసేవాళ్లని కనీసం నెల ముందు అడుగు, ఏ స్కాలర్‌షిప్‌కో, వాళ్లు ఏం చూస్తారో ఒక కాగితం మీద రాసి ఇవ్వు. ఇవి నీకు తెలిసినవే.

మెడికల్, అంటే పైలట్లకి చేసే వైద్య పరీక్ష, మాత్రం అలా వదిలేసేది కాదు. ఫీజు కట్టకముందే, వీలైతే దరఖాస్తు కూడా పంపకముందే క్లాస్ 1 మెడికల్ చేయించుకో. సరదాగా సొంతంగా నడుపుకునే ప్రైవేట్ లైసెన్సుకి క్లాస్ 2 చాలు. కానీ నీకు కావాల్సింది ఉద్యోగం కదా, దానికి క్లాస్ 1 ఉండాలి. నాతో పాటు చేరిన ఒకడు సగం కోర్సు డబ్బు కట్టేశాక మెడికల్‌కి వెళ్లాడు. రంగు చుక్కల పుస్తకం తెరిచి అంకె చెప్పమన్నారట. వాడికి అంకె కనపడలేదు, చుక్కలే కనపడ్డాయి. 20 ఏళ్లు వచ్చేదాకా తనకి ఎరుపూ ఆకుపచ్చా సరిగ్గా తెలియవని వాడికే తెలియదు పాపం. ఆ బుక్కులో తప్పితే ఇంకా పై పరీక్షలు ఉంటాయి, అవి గట్టెక్కినవాళ్లూ ఉన్నారు. వాడు గట్టెక్కలేదు. కట్టిన డబ్బులో ఎంత వెనక్కి వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. అందుకని ముందు మెడికల్. డాక్టరు దగ్గర ఏదీ దాచకు. చిన్నప్పుడు వచ్చిన ఫిట్స్ అయినా, ఇప్పుడు వేసుకునే మాత్ర అయినా చెప్పెయ్. దాచినది తర్వాత బయటపడితే జబ్బు కంటే దాచడమే పెద్ద నేరమవుతుంది.

ఇక డబ్బు. స్కాలర్‌షిప్ అనే ఒక్క పేరు మీద మూడు నాలుగు రకాల డబ్బు ఉంటుంది. దేని స్వభావం దానిదే.

కొన్ని గంటల లెక్కన ఇస్తారు. ఇన్ని గంటల ఫ్లయింగ్ మాది, మిగతాది నీది అంటారు. కొన్ని ఒక మెట్టుకే పరిమితం. నైంటీ నైన్స్ అని మహిళా పైలట్ల సంఘం ఉంది. 1929లో 99 మంది సభ్యులతో మొదలైంది కాబట్టి ఆ పేరు, మొదటి అధ్యక్షురాలు అమేలియా ఇయర్‌హార్ట్. ఆమె పేరు మీద వాళ్లిచ్చే స్కాలర్‌షిప్ దశాబ్దాలుగా ఎంతోమందిని పై రేటింగ్‌లకి (లైసెన్సుకి అదనంగా తెచ్చుకునే అర్హతలకి), పై లైసెన్సులకి చేర్చింది. ఇంకో రకం విమాన సంస్థలు ఇచ్చేవి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2023లో స్పీడ్‌బర్డ్ అకాడమీ అని పెట్టింది, ఎంపికైనవాళ్ల శిక్షణ ఖర్చు కంపెనీదే. ఇలాంటివాటికి పోటీ ఎంతుంటుందో నేను చెప్పక్కర్లేదు. ఏ కంపెనీదైనా సరే బాండ్ కాగితం ఉంటే చివరి పేజీ దాకా చదువు. ఎన్నేళ్లు వాళ్ల దగ్గరే పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది అందరూ చూస్తారు. నువ్వు చూడాల్సింది, చెక్‌లో, అంటే విమానం నడిపి చూపించే పరీక్షలో, తప్పితే ఏమవుతుంది, ఆరోగ్యం పాడై మెడికల్ పోతే ఆ బాకీ ఎవరిది అన్నది.

ఇంకో రకం, పోయినవాళ్ల జ్ఞాపకంగా ఇచ్చేవి. వీటి మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. 2001 సెప్టెంబరు 11న హైజాక్ అయిన యునైటెడ్ 93 విమానంలో లెరాయ్ హోమర్ అని ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, ఉన్నాడు. కుర్రవాడుగా ఉన్నప్పుడు చిన్న ఉద్యోగాలు చేసి ఫ్లయింగ్ పాఠాలకి డబ్బు కట్టుకున్నవాడు. ఆయన పోయాక భార్య ఆయన పేరు మీద ఫౌండేషన్ పెట్టి, ప్రైవేట్ లైసెన్సు తెచ్చుకోవాలనుకునే యువతకి స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఇలాంటి ఫండ్‌కి రాసేటప్పుడు, అవతల కూర్చుని చదివేది ఆఫీసు కాదు, మనిషి అని గుర్తుపెట్టుకుని రాయి.

ఏ రకమైనా ఈ మూడూ అడిగి రాసుకో: డబ్బు నీ చేతికి ఇస్తారా, నేరుగా స్కూలుకి కడతారా, ఒక్కసారి ఇస్తారా, మెట్టు మెట్టుకీ ఇస్తారా, ఎన్నాళ్లలో వాడాలి. స్కూలు వాళ్లు "మొత్తం ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తాం" అంటారు. కట్టకు. స్కూళ్లు మూతపడతాయి, విమానాలు నెలల తరబడి షెడ్డులో పడుంటాయి, ఇన్‌స్ట్రక్టర్లు మారిపోతారు. తగ్గింపు పోతే పోయింది.

ఇప్పుడు గంటల లెక్క. నా కథ అక్కడే మొదలవుతుంది కాబట్టి నిదానంగా చదువు.

ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, పెట్టిన కనీస లెక్క ప్రకారం ప్రైవేట్ లైసెన్సుకి 40 గంటలు, ఆమోదం ఉన్న కోర్సులో అయితే 35. ఉద్యోగానికి కావాల్సిన కమర్షియల్ లైసెన్సుకి 200, ఆమోదం ఉన్న కోర్సులో 150. ఆ కమర్షియల్ గంటల్లోనే నువ్వొక్కదానివే కమాండ్‌లో ఉండి చేయాల్సిన దూర ప్రయాణం ఒకటుంది. కనీసం 540 కిలోమీటర్లు, దారిలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డుల్లో దిగి ఆగాలి. ఏ దేశంలో లైసెన్సు తీసుకుంటే ఆ దేశం పైన ఇంకొంత కలుపుకోవచ్చు. ఇవన్నీ కనీసం, చిన్నీ. కనీసం అంటే అంతకంటే తక్కువ కుదరదని. అంతతో అయిపోతుందని కాదు.

నాకు 20 ఏళ్లప్పుడు ఒక చిన్న ఫండ్ 25 గంటల స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఉత్తరం వచ్చిన రోజు కాగితం మీద లెక్క వేశాను. 40లో 25 పోతే 15. ఆ 15కి నేను పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పి దాచింది కొంత, అన్నయ్య కొత్త ఉద్యోగం జీతం కొంత. చక్కగా సరిపోయింది. లెక్కలు చెప్పేదాన్ని కదా, కూడికల్లో తప్పు లేదు. 40 అన్న అంకె దగ్గరే తప్పు.

మా బ్యాచ్‌లో 12 గంటలకే సోలో, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా, వెళ్లినవాళ్లున్నారు. నేను 19 గంటలకి వెళ్లాను. నాకు దిగడం చేతకాలేదు. రన్‌వే ఇంకా కింద ఉండగానే ముక్కు ఎత్తేసేదాన్ని. విమానం గాల్లో నిలబడిపోయి ధబ్బున కూర్చునేది. పైగా మీటరు చక్రాలు నేల వదిలినప్పటి నుంచి కాదు, ఇంజను తిరిగినప్పటి నుంచి తిరుగుతుంది. రన్‌వే పక్కన వరసలో నాలుగో విమానంగా నిలబడి ఎదురుచూసిన పావుగంట కూడా నా 25లోనే పోయేది. ఫండ్ గంటలు అయిపోయేసరికి నేను ఇంకా దూర ప్రయాణాలకి రాలేదు. అన్నయ్య డబ్బు, నా డబ్బు కలిపి 40 గంటల దాకా లాక్కొచ్చాను, లైసెన్సు మాత్రం రాలేదు. అక్కడ ఆగిపోయింది.

ఆగిపోవడం తప్పు కాదు. ఆ తర్వాత నేను చేసింది తప్పు.

ఫండ్ వాళ్లకి మూడు నెలలకోసారి ఎంతవరకు వచ్చామో ఉత్తరం రాయాలని షరతు. మొదటి ఉత్తరంలో "శిక్షణ బాగా సాగుతోంది" అని రాశాను, అది నిజం. రెండో ఉత్తరంలోనూ అదే వాక్యం రాశాను. అప్పటికి నేను విమానం ఎక్కి నెల దాటింది. వాళ్లు నన్ను నమ్మి ఇచ్చారు, సరిపోలేదంటే నేను మొద్దునని అనుకుంటారని భయం. ఇంట్లోనూ చెప్పలేదు. అన్నయ్య తన జీతంలోంచి ఇచ్చినది ఏమైందంటే ఏం చెప్పను? రోజూ పొద్దున్నే హెడ్‌సెట్ సంచి భుజానికి వేసుకుని మామూలుగా బయల్దేరేదాన్ని. ఎయిర్‌ఫీల్డ్‌లో బెంచీ మీద కూర్చునేదాన్ని. వేరేవాళ్లు దిగి వచ్చాక, రెక్కల ముందు అంచుకి అంటుకున్న పురుగుల్ని తడిగుడ్డతో తుడిచేదాన్ని. ఎవరూ తుడవమనలేదు. ఊరికే కూర్చుంటే అడుగుతారని తుడిచేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇవాళ ఏం చేశావు" అని అమ్మ అడిగితే, నా బదులు ఇంకొకరెవరో చేసిన ల్యాండింగ్ గురించి వర్ణించేదాన్ని.

ఆరు వారాలు అలా గడిచాయి. తర్వాత ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను, "కొన్నాళ్లు వాతావరణం బాగోలేదు, అందుకే విరామం" అని ఇంట్లో చెప్పి. మళ్లీ విమానం ఎక్కేసరికి 11 నెలలు.

11 నెలల్లో చేతులు ఎంత మర్చిపోతాయో నీకు చెప్పినా అర్థం కాదు. చెక్‌లిస్టు నోటికి వచ్చు, చేతికి రాదు. దిగడం మళ్లీ మొదటికొచ్చింది. ఇన్‌స్ట్రక్టర్ నన్ను మళ్లీ ఒంటరిగా వదలడానికి 6 గంటలు పట్టింది. మెడికల్ గడువు 12 నెలలు, అది అయిపోతే మళ్లీ ఫీజు కట్టి చేయించుకున్నాను. రాసి పాసైన ఒక పరీక్షకి గడువు దాటిపోయింది, అదీ మళ్లీ రాశాను. ఒకసారి కొన్నదాన్నే రెండోసారి కొన్నాను, అదీ గుమాస్తా జీతంతో.

లైసెన్సు వచ్చాక ఆ ఫండ్ వాళ్ల వార్షిక సమావేశానికి పిలిచారు. అక్కడ సెక్రటరీగా ఉన్న పెద్దావిడ నా పక్కనే కూర్చుంది. మాటల్లో మాటగా అంతా చెప్పేశాను. అప్పటికి నవ్వుతూ చెప్పగలిగేంత ధైర్యం వచ్చింది మరి. ఆవిడ నవ్వలేదు. "మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసం ప్రతి ఏడూ కొంత పక్కన పెడతామమ్మా. ఆ ఏడు ఎవరూ అడగలేదు. అలాగే మిగిలిపోయింది" అంది. నా రెండో ఉత్తరం ఆవిడే ఫైల్లో పెట్టిందట.

అందుకే "అయ్యాక చెప్దాం" అంటే నాకు గుండె గుభేలుమంటుంది. నీకు స్కాలర్‌షిప్ రాకపోతే నేను భయపడను, ఇంకోదానికి రాద్దాం. వచ్చాక, అది చాలక, నువ్వు నోరు మూసుకుని ఎక్కడో బెంచీ మీద కూర్చుంటావేమోనని నా భయం.

తర్వాత నేను కమిటీలోకి వెళ్లాను. ఇంటర్వ్యూకి వచ్చిన ప్రతివాళ్లనీ "డబ్బు మధ్యలో అయిపోతే మొదట ఎవరికి చెప్తావు?" అని అడిగేదాన్ని. చాలామంది "అలా జరగనివ్వను మేడమ్" అనేవారు. ఒకమ్మాయి మాత్రం "మా ఇన్‌స్ట్రక్టర్‌కి, అదే రోజు మీకు" అంది. ఆ అమ్మాయికి మిగతా మార్కులు తక్కువ. నేను పట్టుబట్టి ఇప్పించాను.

కమిటీ వాళ్లు దరఖాస్తులు ఎలా చదువుతారో తెలియక పిల్లలు ఎంత శ్రమ వృథా చేసుకుంటారో! పదింటిలో ఎనిమిది వ్యాసాలు ఒకేలా మొదలవుతాయి. చిన్నప్పుడు మేడ మీద నిలబడి విమానం వెళ్తుంటే చూశాను, ఆ రోజే నిర్ణయించుకున్నాను అని. నిజమే అయుండొచ్చు. నేనూ చూశాను, అందరూ చూశారు. మాకు కావాల్సింది ఆ తర్వాత ఏం చేశావన్నది. ఏ స్కూళ్లకి ఫోన్ చేశావు, గంటకి ఎంతన్నారు, అందులో ఇంధనం కలిసిందా, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు వేరేనా, పరీక్షల ఫీజులెంత, కనీసం 40 అయితే నువ్వు ఎన్నింటికి లెక్క వేసుకున్నావు, మేమిచ్చేది పోను ఎంత తక్కువ పడుతోంది, అది ఎక్కడి నుంచి వస్తుంది. ఇవన్నీ ఒక పేజీలో రాస్తే ఆ కాగితం చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరుగుతుంది. తక్కువ పడుతోందని రాయడానికి సిగ్గుపడకు. అసలు తక్కువే పడదని రాసినవాళ్లని చూసే మేం భయపడేవాళ్లం. 40 చోట 60 అని లెక్క వేసుకో. మిగిలితే ఎవరూ తిట్టరు.

బెస్సీ కోల్‌మన్ గురించి నీకు ఎప్పుడైనా చెప్పానా? చికాగోలో సెలూన్‌లో గోళ్లు తీర్చిదిద్దే పని చేసేది. నల్లజాతి మహిళ కాబట్టి అమెరికాలో ఏ స్కూలూ చేర్చుకోలేదు. ఫ్రెంచ్ నేర్చుకుని 1920లో ఫ్రాన్స్ వెళ్లింది, 1921 జూన్ 15న లైసెన్సు తెచ్చుకుంది. ఖర్చుకి తను దాచుకున్నది కొంత. చికాగో డిఫెండర్ పత్రిక అధిపతి రాబర్ట్ ఎబట్, జెస్సీ బింగా అనే బ్యాంకరు ఇచ్చింది కొంత. అప్పట్లో దానికి స్కాలర్‌షిప్ అని పేరు లేదు, అంతే తేడా. వెనక్కి వచ్చాక తనలాంటి వాళ్ల కోసం ఫ్లయింగ్ స్కూలు పెట్టాలనుకుంది. 1926లో ప్రమాదంలో పోయింది, స్కూలు చూడలేదు. మూడేళ్లకి లాస్ ఏంజెలెస్‌లో ఆమె పేరు మీద ఏరో క్లబ్ వెలిసింది. సెలూన్‌లో కూర్చున్న మనిషి పత్రికాధిపతిని, బ్యాంకరుని కదిలించింది. నేను ఒక సెక్రటరీకి ఉత్తరం ముక్క రాయలేకపోయాను.

సరే, ఇంకొన్ని చిల్లర మాటలు. రాతపరీక్షలు ఎన్ని వీలైతే అన్ని ఫ్లయింగ్ మొదలవకముందే ముగించు. మొదలుపెట్టాక వారానికి మూడు రోజులైనా ఎగరాలి. వారానికి ఒకరోజు వెళ్తే, పోయిన వారం నేర్చుకున్నది గుర్తుతెచ్చుకోవడానికే సగం గంట పోతుంది. అంటే మొత్తం డబ్బు కనపడేదాకా మొదలుపెట్టకు. మూడు నెలలు ఆగి మొదలుపెట్టడం వేరు, మొదలుపెట్టి మూడు నెలలు ఆగడం వేరు. ఎగరని రోజుల్లో గదిలో కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని, చేతులతో సహా మొత్తం సర్క్యూట్, అంటే పైకి లేచి ఒక చుట్టు తిరిగి దిగడం, చెయ్. ఇంజను స్టార్ట్ నుంచి ఆపేదాకా, ప్రతి మాటా పైకి అంటూ. మీ అమ్మ నవ్వుతుంది, నవ్వనీ. ఈ లోకంలో మీటరు లేని విమానం అదొక్కటే.

ఒక విషయం నిన్న రాత్రి వరకు నాకూ తెలియదు. ఫోన్‌లో మీ నాన్నతో "నీకెందుకంత కంగారు, పిల్ల తెలివైంది" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఆ ఆరు వారాల్లో ఒక రోజు జీతం అందగానే నాకివ్వాలని ఎయిర్‌ఫీల్డ్‌కి వచ్చాడట. నేను గుడ్డ పట్టుకుని రెక్క తుడుస్తూ కనపడ్డానట. కంచె అవతలే కాసేపు నిలబడి వెనక్కి వెళ్లిపోయాడట. "నువ్వే చెప్తావని చూశాను. అడిగితే చిన్నబుచ్చుకుంటావనుకున్నా" అన్నాడు. ఇన్నేళ్లు ఇద్దరం ఇలా! అందుకే నిన్న అంతసేపు మోకాలి గురించి మాట్లాడాడు.

నా పాత లాగ్‌బుక్‌లో ఒక పేజీ ఫోటో తీసి దీంతో పంపుతున్నాను. లాగ్‌బుక్‌లో ఎగరని రోజులకి గడి ఉండదు, ఒక గీత కింద వెంటనే ఇంకో గీత. పై నుంచి ఏడో గీత, ఎనిమిదో గీత. వాటి తేదీలు చూడు.

నీ వ్యాసం ఎలా ఉన్నా సరే, ఉన్నదున్నట్టు ఆదివారం లోపు పంపు. తక్కువ పడే డబ్బు లెక్క పేజీ కూడా. అది నాకంటే ముందు మీ నాన్నకి చూపించు. మెడికల్ ఏ రోజు దొరికిందో చెప్పు, నేనూ వస్తాను. లోపలికి రానులే, బయట కూర్చుంటాను.

మీ అత్త